వెలుగుని మెత్తబరచిన రాజా దీనదయాళ్

ఫొటో అనగానే మనకి కెమేరా గుర్తొస్తుంది. దాని ఖరీదెంత అని అడుగుతాం. మొహం మీద పడిన వెలుగు దేన్ని తాకి వచ్చింది, దేన్ని దాటి వచ్చింది అని అడిగేవాళ్ళు తక్కువ. కరెంటు లైటు లేని రోజుల్లో, ఆ వెలుగునే నమ్ముకుని దేశమంతా పేరు తెచ్చుకున్న మహానుభావుడు రాజా దీనదయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ఎస్టిమేట్లు వెయ్యడం, నక్షాలు గియ్యడం ఆయన పని. ఫొటోగ్రఫీ మొదట్లో ఒట్టి సరదా. మహారాజా తుకోజీరావు హోల్కరు, సర్ హెన్రీ డేలీ వంటివారి ఆదరణతో ఆ సరదాయే వృత్తి అయింది. 1885లో వైస్రాయికి ఛాయాచిత్రకారుడిగా నియమితులయ్యారు. తరవాత హైదరాబాదు వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరారు. 1894లో నిజాం ఆయనకి 'రాజా' బిరుదునిచ్చారు. ఇండోరు, సికింద్రాబాదు, బొంబాయిలలో ఆయన స్టూడియోలు నడిచాయి. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ చేతిమీదుగా ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిపించారు. రాజుల్నీ దొరల్నీ తీసిన ఆ కెమేరాయే నిజాం రాజ్యంలోని కరువు సహాయ కేంద్రాల్లో బక్కచిక్కిన జనాన్ని కూడా తీసింది. రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి గనక, నాకు మాత్రం ఆ చిత్రాలే ఎక్కువ విలువైనవి.

ఆ కాలపు స్టూడియోకి ఉత్తరం వైపు అద్దాల కప్పు ఉండేది. ఎర్రటి ఎండ నేరుగా పడకుండా తెరలు కట్టేవారు. నీడ ఎక్కువైన చెంప వైపు తెల్లటి తడక నిలబెట్టి వెలుగుని తిప్పేవారు. నేటి సాఫ్ట్‌బాక్సు ఆ గదికి చిన్న రూపమే. లోపలి గోడ వెలుగుని తిప్పి కొడుతుంది. ముందున్న గుడ్డ దాన్ని వడపోస్తుంది.

మరి లోపలి గోడ వెండి రంగుదా, తెల్లదా? మన ఫిజిక్సు పాఠమే ఇక్కడ పనికొస్తుంది. వెండి పూత అద్దానికి దగ్గర. వెలుగు వృథా కాకుండా ఒక దిక్కుకి వస్తుంది, కాంతి ఎక్కువ, నీడ కటువు. తెలుపు సున్నం గోడ లాంటిది. వెలుగుని నలువైపులా చెదరగొడుతుంది, కాంతి కాస్త తగ్గుతుంది, నీడ అంచు మెత్తబడుతుంది. ముందు రెండు పొరల గుడ్డ కడితే ఈ తేడా చాలావరకు తగ్గిపోతుంది. అసలు మెత్తదనం పెట్టె పరిమాణంలోనూ, మనిషికి ఎంత దగ్గరగా పెట్టామన్న దాంట్లోనూ ఉంది. ఇంకొక్క మాట: తెల్లగుడ్డ పాతబడి పసుపెక్కితే ఫొటో కూడా పసుపెక్కుతుంది. కొనేముందు పక్కన తెల్లకాగితం పెట్టి చూసుకోవాలి.

మా పెడనలో ఈ తేడా కళ్ళారా చూడొచ్చు. కలంకారీ దుప్పటి ఫొటో తియ్యాలంటే, వెండి లోపలున్న పెట్టెని పక్కగా పెడితే నేత పోగు, అద్దకం అచ్చు స్పష్టంగా తేలతాయి. కానీ అదే వెలుగులో చెమట పట్టిన రైతు మొహం జిగేలుమంటుంది, కళ్ళకింద ముడతలు గీతలుగా పడతాయి. అక్కడ తెలుపే మేలు. మా ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళు జన్మకి ఒక్కసారే స్టూడియో మెట్లెక్కుతారు. ఆ ఒక్క ఫొటోకే రేపు దండ వేస్తారు. మామ్మ మొహం మామ్మ మొహంలా ఉండాలా, నూనె రాసినట్టు మెరవాలా అన్నది ఆ పూట స్టూడియో అతను ఎంచుకున్న లోపలి గుడ్డ మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని చిన్న విషయమని ఎలా అనగలం?

దీనదయాళ్ 1905లో బొంబాయిలో కన్నుమూశారు. ఆయన గాజు నెగటివులు రెండువేల ఎనిమిది వందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. సైన్సు చదివే మిత్రులారా! ఆయన కూడా మనలాగే లెక్కలూ నక్షాలూ నేర్చుకున్న విద్యార్థే. పరావర్తన సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టే మనం, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండో చెంప వైపు ఒక తెల్లపంచె పట్టుకుని ఒక్క ఫొటో తీద్దాం. దానికి ఖరీదైన పెట్టె కూడా అక్కర్లేదు.