ఖరాదు గురువు హెన్రీ మాడ్‌స్లే

చరిత్ర గ్రంథాలలో రాజులకు, సేనానులకు, కవులకు దక్కిన పుటలు పనివారికి దక్కలేదు. ఒక ఊరి అంగడిలో కొన్న నట్టు మరొక ఊరిలో కొన్న బోల్టుకు చక్కగా అమరినప్పుడు మనలో ఎవ్వరికీ ఆశ్చర్యం కలుగదు. అది సహజమే అనుకుంటాము. కానీ ఒకప్పుడు ప్రతి బోల్టుకూ దాని నట్టు ఒక్కటే ఉండేది. రెండింటినీ విడదీసినప్పుడు గుర్తు పెట్టి ఉంచకపోతే అవి మళ్ళీ కలిసేవి కావు. ఆ అవ్యవస్థను తొలగించే మార్గం చూపిన మహనీయులలో అగ్రగణ్యుడు హెన్రీ మాడ్‌స్లే అనే ఆంగ్లేయ లోహశిల్పి. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు బోధించే మేము లోహపు పని గురించి వ్రాయటానికి ఒక కారణం ఉంది. నేడు లేత్ మిషన్ అని అందరూ పిలిచే యంత్రాన్ని మన ఉర్దూలో ఖరాద్ అంటారు. దానిపై పనిచేసేవాడు ఖరాదీ. మేము బడే అబ్బా అని పిలుచుకున్న మా పెదతండ్రి ఖరాదీ. ఆయన కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు సగానికే ఉండేవి. అది ఆ వృత్తికి సహజ లక్షణమేమోనని మేము చిన్నతనంలో భావించేవారము. కాదని తెలియటానికి చాలా కాలం పట్టింది. మా కళాశాలలో చదివే పిల్లలలో ఎందరో అటువంటి కుటుంబాల నుండి వచ్చినవారే. సెలవులలో తండ్రి పక్కనో, అన్న పక్కనో మర ముందు నిలబడేవారూ ఉన్నారు. మాడ్‌స్లే జీవితం వారికి చెప్పవలసిన కథ అని మా నమ్మకం.

మాడ్‌స్లే 1771 ఆగస్టు 22న లండన్ సమీపంలోని వూలిచ్‌లో జన్మించారు. తండ్రి సైన్యంలో బండిచక్రాలు చేసే పనివాడు. యుద్ధంలో గాయపడి, తరువాత వూలిచ్ ఆయుధాగారంలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. కుమారుని బాల్యంలోనే, 1780లో, ఆయన మరణించాడు. పేదరికం పిల్లవానికి ఎక్కువ చదువు దక్కనివ్వలేదు. పన్నెండవ ఏట ఆ ఆయుధాగారంలోనే తూటాలలో మందు నింపే పనిలో చేరారు. రెండేళ్ళ తరువాత వడ్రంగుల శాలకు పంపబడ్డారు. కానీ బాలుని మనసు కొయ్యపై లేదు, కొలిమిపై ఉంది. అవకాశం చిక్కినప్పుడల్లా కమ్మరశాల వైపు వెళ్ళేవారట. చివరకు పదిహేనవ ఏట ఆ శాలలోనే స్థానం లభించింది. కొద్దికాలంలోనే సుత్తి, ఆకురాయి ఆయన చేతిలో అసాధారణమైన నేర్పుతో పలికాయి.

ఆ నేర్పును గురించి విన్నవాడు జోసెఫ్ బ్రామా. ఇతడు లండన్‌లో పేరుమోసిన యంత్రకారుడు. 1784లో ఒక కొత్త తాళానికి పేటెంటు పొందాడు. అది దొంగలకు లొంగని తాళమే కాని, దానిలోని భాగాలను చేతితో చేయటం కష్టం, ఖర్చు. అతి సూక్ష్మమైన పని చేయగల వాని కోసం వెదకుతూ ఉండగా మాడ్‌స్లే పేరు వినవచ్చింది. వచ్చిన పనివాడు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడని చూసి బ్రామా మొదట సందేహించాడు. పని చూసిన తరువాత సందేహం తీరింది. మాడ్‌స్లే తాళాలు చేయటంతో తృప్తిపడలేదు. తాళాల భాగాలను ఒకే తీరున, ఒకే కొలతతో చేసే ప్రత్యేక పనిముట్లను తయారుచేశారు. బ్రామా తన దుకాణం అద్దాల కిటికీలో ఒక తాళం ఉంచి, దానిని తెరిచినవారికి 200 గినీలు ఇస్తానని ప్రకటించాడు. మాడ్‌స్లే చేతిలో రూపొందిన ఆ తాళం అరవై ఏళ్ళకు పైగా ఎవ్వరికీ లొంగలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికా నిపుణుడు పదహారు రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తెరువగలిగాడు.

మాడ్‌స్లే కీర్తికి అసలైన ఆధారం ఆ తాళం కాదు, ఖరాదు. ఆ కాలంలో లోహపు ఖరాదు పని ఎట్లా సాగేదో ముందు తెలుసుకోవాలి. ఖరాదులో మనం చెక్కదలచిన లోహపు ముక్క గిరగిర తిరుగుతుంది. ఉలి వంటి పనిముట్టు దానికి ఆని లోహాన్ని పొరలు పొరలుగా తీస్తుంది. కుమ్మరి సారెపై మట్టి తిరుగుతూ ఉంటే చేయి నిలకడగా ఉండి ఆకారం ఇచ్చినట్లే ఇదీ. అయితే మట్టి మెత్తనిది, ఇనుము కఠినమైనది. నాటి ఖరాదీ పొడవైన పిడి గల పనిముట్టును రెండు చేతులతో పట్టి, ఒక ఆనిక మీద మోపి, శరీరబలమంతా వినియోగించి తిరిగే ఇనుముపై ఒత్తవలసి వచ్చేది. పనిముట్టు మొన ఒక్కసారి లోతుగా దిగిందంటే, తిరిగే లోహం దానిని లాగి విసిరివేసేది. చేతికి దెబ్బ తప్పేది కాదు. ఇంత కష్టపడినా వచ్చే పని ఖచ్చితంగా ఉండేది కాదు. అలసిన చేయి వణికితే ఆ వణుకు లోహంపై ముద్రపడేది.

మాడ్‌స్లే చేసినది మాటలో చెప్పటానికి చిన్నది: పనిముట్టును మనిషి చేతిలో నుండి తీసి ఇనుప చేతికి అప్పగించారు. స్లైడ్ రెస్ట్ అనే ఆ అమరికలో పనిముట్టు గట్టిగా బిగించబడి ఉంటుంది. పనివాడు ఒక పిడిని త్రిప్పితే పనిముట్టు ముందుకు జరుగుతుంది, మరొక పిడిని త్రిప్పితే పక్కకు జరుగుతుంది. ఎంత జరగాలో పనివాడు నిర్ణయిస్తాడు, ఒత్తిడిని మాత్రం ఇనుము భరిస్తుంది. ఇటువంటి ఆలోచన ఆయనకు ముందు మరెవ్వరికీ రాలేదనటం సత్యం కాదు. ఫ్రాన్సు దేశంలో వోకాన్సన్, ఇంగ్లండులో రామ్స్‌డెన్ వంటివారు అదే దారిలో నడిచారు. అయితే దృఢమైన ఇనుప బెడ్‌ను, స్లైడ్ రెస్ట్‌ను, పొడవైన లీడ్ స్క్రూను, మార్చదగిన గేరు చక్రాలను ఒకే యంత్రంలో సమన్వయించి, నిత్యం పనిచేసే శాలలో నిలబెట్టిన ఘనత మాడ్‌స్లేదే. 1800 ప్రాంతపు ఆయన ఖరాదు లండన్‌లోని విజ్ఞాన ప్రదర్శనశాలలో భద్రపరచబడింది.

ఇంతలో ఆయన జీవితంలో ఒక మలుపు వచ్చింది. 1791లో సారా అనే యువతిని వివాహమాడారు. ఆమె బ్రామా ఇంటిలో పరిచారికగా ఉండేది. సంసారం పెరిగింది. ఆయన కర్మాగారానికే పెద్ద అయినా జీతం వారానికి 30 షిల్లింగులు. పెంచమని అడిగితే యజమాని ససేమిరా అన్నాడు. 1797లో మాడ్‌స్లే ఆ కొలువు విడిచి, ఆక్స్‌ఫర్డ్ వీధికి చేరువలో ఒక చిన్న శాల తెరిచారు. తొలి గిరాకీ ఒక చిత్రకారునికి బొమ్మలు నిలుపుకునే ఇనుపచట్రం. మహాకార్యాలకు తొలిమెట్టు ఎంత చిన్నదో గమనించదగినది.

ఆ శాలలోనే మరచుట్లను కోసే విద్య పరిపూర్ణత పొందింది. లీడ్ స్క్రూ తిరుగుతున్న కొద్దీ అది పనిముట్టును సమానవేగంతో జరుపుతుంది. గేరు చక్రాలను మార్చితే చుట్ల దూరం మారుతుంది. ఒక మంచి స్క్రూ నుండి ఎన్నో స్క్రూలను పుట్టించవచ్చును. ఆయన తయారుచేసిన ఒక స్క్రూ అయిదు అడుగుల పొడవు, రెండు అంగుళాల మందం కలది. దానిపై అంగుళానికి 50 చుట్లు. దాని నట్టు పన్నెండు అంగుళాల పొడవు, లోపల 600 చుట్లు. పనిశాలలో ఒకేరకం చుట్లు వాడాలన్న నియమాన్ని ఆయన ప్రవేశపెట్టారు. దానిని దేశమంతటికీ వర్తింపజేసే ప్రమాణాన్ని ఆయన శిష్యుడు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించాడు.

కొలత విషయంలో ఆయన పట్టుదల ప్రసిద్ధమైనది. అంగుళంలో పదివేలవ వంతు వరకు తేడా చూపగల మైక్రోమీటరును తన బల్లపై ఉంచుకున్నారు. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు లార్డ్ ఛాన్సలర్. ఆ కాలంలో ఆ దేశంలో అది అత్యున్నత న్యాయాధికారి పదవిగా ఉండేది. కొలతలో వివాదం వస్తే ఆ మైక్రోమీటరుదే తుది తీర్పు అని భావం. సమతలంగా చదునుచేసిన పలకలను కూడా పనివారి బల్లలపై ఉంచేవారు. తాము చేసిన వస్తువును ఆ పలకపై ఆనించి, ఎత్తుపల్లాలను వారే స్వయంగా పట్టుకోవాలి. ఇతరులు దిద్దకముందే తన తప్పు తాను చూసుకునే అలవాటును ఆయన ఈ విధంగా నేర్పారు.

1802 నుండి ఆరేళ్ళలోపు మాడ్‌స్లే శాల చేసిన మహత్కార్యం పోర్ట్స్‌మత్ నౌకాశ్రయపు కప్పీ యంత్రాలు. తెరచాప ఓడలకు కొయ్య కప్పీలు వేల సంఖ్యలో కావలసివచ్చేవి. మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు యోచన చేయగా, మాడ్‌స్లే 45 యంత్రాలు నిర్మించి ఇచ్చారు. 1808 నాటికి సంవత్సరానికి 1,30,000 కప్పీలు తయారయ్యాయి. నూటపదిమంది నిపుణులు చేసే పని పదిమంది సామాన్యులు చేయగలిగారని ప్రసిద్ధి. ఈ లెక్కను మనం ఆనందంతో పాటు ఆలోచనతో కూడా చదవాలి. తక్కిన నూరుమంది కుటుంబాల సంగతి ఏమి? యంత్రం చేతికి విశ్రాంతి ఇవ్వగలదు, చేతికి ఉన్న కూటిని తీసివేయనూ గలదు. ఈ ప్రశ్న నేటికీ ముగియలేదు.

1810లో పనిశాల లండన్‌లోని లాంబెత్ ప్రాంతానికి తరలింది. తరువాత జాషువా ఫీల్డ్ భాగస్వామ్యంతో మాడ్‌స్లే, సన్స్ అండ్ ఫీల్డ్ అనే సంస్థగా ఖ్యాతి గడించి, ఓడలకు ఆవిరి ఇంజన్లు నిర్మించింది. 1825లో ఇంగ్లండు నుండి బయలుదేరి 113 రోజులలో కలకత్తా చేరిన ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరినౌకకు ఇంజన్లు ఈ సంస్థవే. ఆ విధంగా ఆ ఖరాదు పని మన దేశపు తీరాన్నీ తాకింది.

యంత్రాల కంటె గొప్పది ఆయన శిష్యపరంపర. రిచర్డ్ రాబర్ట్స్, జోసెఫ్ క్లెమెంట్, విట్‌వర్త్, జేమ్స్ నాస్మిత్ వంటి మేటి యంత్రకారులు ఆ శాలలో పనిచేసినవారే. డబ్బు చెల్లించి పని నేర్చుకోవచ్చే ధనికుల పిల్లలతో విసిగి, మాడ్‌స్లే అటువంటివారిని చేర్చుకోవటం మానివేశారు. 1829లో ఇరవై ఏళ్ళ నాస్మిత్ వచ్చి, బాయిలరు కింది బూడిద ఎత్తే పని ఇచ్చినా చాలునన్నాడు. ఆ వినయమూ, అతడు చేసి తెచ్చిన చిన్న ఇంజనూ చూసి మాడ్‌స్లే తన సొంత పనిగదిలోనే చోటిచ్చారు. ఆకురాయి చప్పుడు విని పనివాని నేర్పు చెప్పగల గురువాయన. ఏమి చేయదలచినదీ ముందే స్పష్టంగా ఊహించుకోవటం, పదార్థాన్ని వృథా చేయకపోవటం, అనవసరమైన చిక్కులు తొలగించి సరళంగా నిర్మించటం ఆయన బోధించిన సూత్రాలు.

1831 జనవరిలో ఫ్రాన్సు నుండి తిరిగి వస్తూ సముద్రంపై జలుబు చేసి, మాడ్‌స్లే ఫిబ్రవరి 14న తన యాభైతొమ్మిదవ ఏట కన్నుమూశారు. పుట్టిన వూలిచ్‌లోనే సమాధి చేయబడ్డారు. ఆయన స్మారకం కూడా పోత ఇనుముతో చేసినదే.

ఇక ఈ జీవితం నుండి కొత్తగా ఖరాదు ముందు నిలిచే విద్యార్థి గ్రహించవలసినది ఏమిటి? మాడ్‌స్లే పనిముట్టును చేతి నుండి విడిపించారు. కానీ తిరిగే చక్ అలాగే తిరుగుతున్నది. మా బడే అబ్బా వేళ్ళు పోయినది లోహాన్ని కోస్తూ కాదు. కోత ముగిసింది, మర ఇంకా ఆగలేదు. నునుపుగా వచ్చిన జాబ్‌ను చూసి మురిసి, గుప్పెడు కాటన్ వేస్ట్‌తో దానిని తుడవబోయారు. ఒక్క దారం చుట్టుకున్నది, దారం వెంట వేళ్ళు పోయాయి. మాడ్‌స్లే దూరం చేసిన చేతిని అజాగ్రత్త తిరిగి మర దగ్గరకు చేర్చింది.

కనుక ఖరాదుపై తొలిపాఠం కోత కాదు, ఆపటం. ఆపే స్విచ్ ఎక్కడున్నదో తెలియనిదే నడిపే స్విచ్ ముట్టరాదు. కుర్తా చేతులు మోచేతి పైకి మడవాలి. దుపట్టా, ఉంగరం, గడియారం, చేతితొడుగులు తీసివేయాలి. పొడవైన జుట్టు ముడివేయాలి. కంటికి అద్దాలు తప్పనిసరి. జాబ్‌ను గట్టిగా బిగించిన వెంటనే చక్ కీని తీసి బల్లపై పెట్టాలి. దానిని చక్‌లో మరచి మర నడిపితే అది తూటావలె ఎగురుతుంది. పనిముట్టు మొన జాబ్ నడిమి ఎత్తుకు సరిగా ఉండాలి, బయటకు పొడవుగా సాగి ఉండరాదు. మర నడిపేముందు చక్‌ను చేతితో ఒక చుట్టు త్రిప్పి, ఎక్కడా తగలటంలేదని చూసుకోవాలి. జాబ్ ఎంత లావైతే వేగం అంత తగ్గాలి. చుట్టలుగా వచ్చే లోహపు పొట్టు కత్తివలె కోస్తుంది. మర ఆగిన తరువాత కొక్కెంతోనో బ్రష్‌తోనో తీయాలి. కొలవటం, తుడవటం మర పూర్తిగా నిలిచిన పిదపనే. ఆగబోయే చక్‌ను అరచేతితో ఆపటం వీరత్వం కాదు.

ఈ నియమాలు మాడ్‌స్లే వ్రాసిపెట్టినవి కావు, పనిశాలలు అనుభవంతో కూర్చుకున్నవి. అయినా వాటి మూలం ఆయన సూత్రంలోనే ఉంది: చేయబోయేది ముందే స్పష్టంగా ఊహించుకోవటం. నేర్పు చేతి తెగువలో లేదు, చేయి కదలకముందు చేసే అమరికలో ఉన్నది. నేడు కంప్యూటరు ఆజ్ఞతో నడిచే ఖరాదులు వచ్చాయి. అక్కడ కూడా పనిముట్టును పట్టినది ఇనుప చేయి, జాగ్రత్త పడవలసినది మనిషి.

బడే అబ్బా తన శిష్యులకు మొట్టమొదట చూపినది మరను కాదు, తన కుడిచేతిని. ఆయన వద్ద పని నేర్చిన వారందరికీ పది వేళ్ళూ భద్రంగా ఉన్నాయి. ఒక గురువుకు ఇంతకంటె మంచి బిరుదు మాకు తెలియదు. మా విద్యార్థులలో నేడో రేపో ఖరాదు ముందు నిలబడేవారు మాడ్‌స్లే వలె పనిని ప్రేమించి, పదివేళ్ళ చేతులతో ఇళ్ళకు తిరిగి రావాలని మా ఆకాంక్ష.