స్టాలిన్ జీవితమును నాబోతు ద్రాక్షతోటయు

ధ్యాన భాగము: 1 రాజులు 21వ అధ్యాయము



ఆహాబు రాజు లోకదృష్టికి చిన్న రాజు కాడు. దంతపు మందిరము కట్టించెను, పట్టణములు కట్టించెను. క్రీ.పూ. 853లో కర్కరు యుద్ధమునకు అతడు 2,000 రథములతో వచ్చెనని అష్షూరు రాజు చెక్కించిన శిలాశాసనము చెప్పుచున్నది. అయినను పరిశుద్ధ గ్రంథము ఆ కట్టడములను ఒక్క మాటలో ముగించినది. ఆ యుద్ధము మాటయే ఎత్తలేదు. నాబోతు అను ఒక సేద్యగాని ద్రాక్షతోట సంగతికి మాత్రము ఒక అధ్యాయమంతయు ఇచ్చినది. పాలకుల నేరములకు చరిత్ర ఏలాగు తీర్పు తీర్చునని అడుగువారికి ఆ అధ్యాయము మంచి కొలకర్ర. ఆ కొలకర్రతో ఈ మాసము జోసెఫ్ స్టాలిన్ జీవితమును కొలిచి చూడదలచితిమి.

ఈ పేరు మన ప్రాంతములకు క్రొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటపు దినములలో, 1951లో, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యగార్లు మరి ఇద్దరు నాయకులతో రహస్యముగా మాస్కోకు పోయి స్టాలిన్‌ను కలిసికొని ఆలోచన అడిగిరి. ఆ యేడే అక్టోబరులో పోరాటము విరమింపబడెను. స్టాలిన్ అని తమ బిడ్డలకు పేరు పెట్టుకొనిన ఇండ్లు మన తెలుగు దేశములో ఉన్నవి. దొరల క్రింద నలిగిన పేదవాడు, తన పక్షమున ఒకడు నిలిచెనని నమ్మి ఆ పేరు పెట్టుకొనెను. ఆ ఆశను మేము ఎగతాళి చేయము. అయితే ఆ పేరుగల వాడు తన దేశపు పేదవానికి ఏమి చేసెనో తెలిసికొనుట మన విధి.

అతడు 1878 డిసెంబరులో జార్జియా దేశములోని గోరి పట్టణమున పుట్టెను. తండ్రి బెసారియోన్ చెప్పులు కుట్టువాడు, త్రాగుబోతు. తల్లి ఎకతెరీనా ఇతరుల ఇండ్లలో బట్టలు ఉదికి, కుట్టుపని చేసి కుమారుని పెంచెను. ఇతనికి ముందు పుట్టిన ఇద్దరు మగబిడ్డలు పసితనముననే చనిపోయిరి. ఇతనికిని అమ్మవారు పోసి ముఖముపై మచ్చలు నిలిచెను. ఎడమ చేయి దెబ్బతిని సరిగా సాగకుండెను. బ్రదికిన ఈ ఒక్క కుమారుని బోధకునిగా చేయవలెనని ఆ తల్లి కోరిక. చర్చి పాఠశాలలో చదివించి, 1894లో తిఫ్లిసు పట్టణములోని వేదాంత పాఠశాలకు పంపెను. అక్కడ అతడు మొదట మంచి మార్కులు తెచ్చుకొనెను, గాయక బృందములో పాడెను, జార్జియా భాషలో పద్యములు వ్రాసి పత్రికలో అచ్చు వేయించుకొనెను.

ఆ పాఠశాలలో పెద్దలు విద్యార్థుల పెట్టెలు వెదకుట, చాటున ఉండి మాటలు వినుట, చీకటి గదిలో పెట్టుట వాడుకగా ఉండెను. భయము చేత భక్తి పుట్టించవలెనని వారు తలంచిరి. భక్తి పుట్టలేదు గాని, కనిపెట్టి చూచుట, పట్టి ఇచ్చుట అను విద్యలను ఆ బాలుడు దగ్గరనుండి చూచెను. 1899లో పరీక్షలకు పోక పాఠశాల విడిచి విప్లవ పక్షములో చేరెను. తరువాత పలుమారులు చెరసాలకును సైబీరియాకును పంపబడెను. ఉక్కు మనిషి అను అర్థముగల స్టాలిన్ అను పేరు తానే పెట్టుకొనెను.

1917లో విప్లవము జరిగెను. 1922లో అతడు పార్టీ ప్రధాన కార్యదర్శి ఆయెను. అది గుమాస్తా పనివంటి ఉద్యోగమని తోటి నాయకులు తేలికగా తీసికొనిరి; గాని ఎవరిని ఎక్కడ నియమించవలెననునది ఆ బల్లమీదనే తేలుచుండెను. వ్యాధితో మంచమెక్కిన లెనిన్ ఇతనిని ఆ స్థానమునుండి తీసివేయుడని వ్రాయించెను. 1924లో లెనిన్ చనిపోయిన పిమ్మట ఆ వ్రాతను పక్కకు నెట్టిరి. అయిదారేండ్లలో ఎదిరించువారు లేకపోయిరి.

ఇక సేద్యగాండ్ర సంగతికి వత్తము. 1929 చివరనుండి రైతుల పొలములను, పశువులను, నాగళ్లను బలవంతముగా ఉమ్మడి క్షేత్రములలో కలుపనారంభించిరి. కాస్త కలిగిన రైతును, ఒప్పుకొనని రైతును శత్రువని ముద్రవేసిరి. 1930, 1931 సంవత్సరములలో ఇంచుమించు 18 లక్షల మంది ఇల్లు వాకిలి విడిచి, పిల్లలతోకూడ, ఉత్తరపు చలి ప్రదేశములకు తోలివేయబడిరి. పట్టణములకును యంత్రములు కొనుటకును ధాన్యము కావలసి, విత్తనపు గింజలనుకూడ ఊడ్చుకొని పోయిరి.

1932 ఆగస్టు 7వ తేదీని వచ్చిన ఒక శాసనమును మన పల్లె సంఘములు శ్రద్ధగా వినవలెను. ఉమ్మడి పొలమునుండి ధాన్యము తీసికొనిన వానికి మరణశిక్ష. కనికరించినను పదేండ్ల చెర. కోత కోసిన చేనిలో రాలిన వెన్నులు ఏరుకొనిన తల్లులను, పిల్లలను ఈ శాసనము క్రింద పట్టిరి. పరిగె ఏరుకొనుట అనగా ఏమో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. బోయజు చేనిలో రూతు పరిగె ఏరుకొనెను. పేదవానికిని పరదేశికిని చేని మూలలను విడిచిపెట్టుమని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. పేదల రాజ్యమని పేరు పెట్టుకొనిన దేశములో పరిగె నేరమాయెను.

1933 జనవరిలో ఉక్రెయిను రైతులు తిండికై పొరుగు సీమలకు పోకుండ దారులు కట్టివేసిరి. ఆ కాలమందును విదేశములకు ధాన్యపు ఓడలు పోవుచునే ఉండెను. ఉక్రెయినులో 35 నుండి 39 లక్షల మంది, కజకుస్తానులో 13 నుండి 15 లక్షల మంది ఆకలితోను దానిననుసరించిన తెగుళ్లతోను చనిపోయిరని పండితుల లెక్క. వానలు లేక వచ్చిన కరవులు మనము ఎరుగుదుము. ఇది ఎక్కువభాగము ఆజ్ఞలచేత వచ్చిన కరవు. గారెత్ జోన్స్ అను వేల్సు దేశపు యువ విలేకరి 1933లో గ్రామములలో నడిచి చూచి నిజము ప్రకటించెను. మాస్కోలో సుఖముగా ఉన్న పెద్ద విలేకరులు కొందరు అతనిని అబద్ధికుడనిరి.

సంఘముల గతియు చెప్పవలెను. మాస్కోలోని క్రీస్తు రక్షకుని మహాదేవాలయమును 1931 డిసెంబరు 5న మందుపాతరలతో కూల్చిరి. విప్లవమునకు ముందు వేలకొలది ఉన్న దేవాలయములలో 1939 నాటికి ఆరాధన జరుగునవి కొన్ని వందలే. లూథరను సంఘము పూర్తిగా మూతపడెను. బాప్టిస్టు బోధకులును చెరలో పడిరి.

అయితే 1937 జనవరి 6వ తేదీని ఒక సంగతి జరిగెను. ఆ దేశపు పాత పంచాంగము చొప్పున అది క్రిస్మసుకు ముందటి రోజు. ఆనాటి జనాభా లెక్కలలో, దేవుని నమ్ముదువా లేదా అను ప్రశ్నయు ఉండెను. ఆ కాగితముమీద మనిషి పేరు ఉండును, అది ప్రభుత్వపు చేతికి పోవును. ఇరువది సంవత్సరములు దేవుడు లేడని నేర్పిన తరువాత, బోధకులను చంపిన తరువాత, పదునారేండ్లు దాటిన వారిలో 5 కోట్ల 53 లక్షల మంది నమ్ముచున్నామని చెప్పిరి. అనగా నూటికి 56 మందికి పైగా. వారిలో చదువురాని పల్లె స్త్రీలు ఎందరో! ఆ లెక్క మరియొక సంగతియు బయటపెట్టెను. దేశములో ఉండవలసిన జనము లేరు. కరవు మింగిన వారి చోటు ఖాళీగా కనబడెను. స్టాలిన్ ఆ లెక్కలను దాచివేయించెను. లెక్క తీసిన అధికారులను చెరపట్టించి, కొందరిని కాల్పించెను. సోవియట్ రాజ్యపు చివరి యేండ్లవరకు ఆ అంకెలు వెలుగు చూడలేదు.

ఆ 1937, 1938 సంవత్సరములలో జరిగిన హత్యలు నాబోతు హత్యను పోలియున్నవి. యెజెబెలు దొంగచాటున మనిషిని పంపి పొడిపించలేదు. రాజముద్ర వేసి తాకీదులు వ్రాసెను, ఉపవాస దినము చాటించెను, ఇద్దరు సాక్షులను నిలువబెట్టెను, ఊరి పెద్దలచేత తీర్పు చెప్పించెను. ఇక్కడను అంతే. 1937 జూలై 30 నాటి ఉత్తరువు ఏ జిల్లాలో ఎందరిని చంపవలెనో, ఎందరిని చెరకు పంపవలెనో ముందుగానే సంఖ్యలు నిర్ణయించెను. నేరములు పిమ్మట వ్రాసికొనిరి. ఆ రెండేండ్లలో 6,81,692 మంది కాల్చబడిరని వారి దస్తావేజులే చెప్పుచున్నవి. మాస్కో దగ్గరి బుతోవో పొలములోనే 20 వేలకు పైగా కాల్చబడి పూడ్చబడిరి; అందులో బోధకులు వందలకొలది. పొరుగువాడు పొరుగువానిమీద వ్రాసి ఇచ్చెను. కొందరు భయముచేత, కొందరు పగచేత, కొందరు పక్కింటి గదిమీది ఆశచేత. ఒక్క స్టాలిన్ చేతులతో ఇదంతయు జరుగదు. యెజ్రెయేలు పెద్దలవంటి వారు ప్రతి ఊరిలో కావలెను, దొరికిరి.

అతని మెప్పుగా చెప్పబడునదియు చెప్పెదము. పెద్ద కర్మాగారములు లేచెను, కోట్లమంది అక్షరములు నేర్చిరి, 1945లో హిట్లరు సైన్యము ఓడిపోయెను. ఆ జయమునకు ఆ దేశము ఇంచుమించు 2 కోట్ల 70 లక్షల ప్రాణములు చెల్లించెను. జయించినది ఆ ప్రజలు. అదే హిట్లరుతో 1939లో ఒడంబడిక చేసికొని పోలండును పంచుకొనిన వాడు స్టాలిన్. 1940 మార్చి 5న ఇంచుమించు 22,000 మంది పోలిషు ఖైదీలను చంపుటకు ఉత్తరువుపై చేవ్రాలు చేసి, ఆ నేరమును జర్మనులమీద వేసెను. ఆ అబద్ధము 1990 వరకు నిలిచెను.

1953 మార్చి 1వ తేదీని అతనికి పక్షవాతము వచ్చెను. పిలువకుండ లోపలికి పోవుటకు కావలివారు జడిసిరి. రాత్రి పొద్దుపోయిన తరువాత చూచినప్పుడు నేలమీద పడియుండెను. పేరుగల వైద్యులు అనేకులు అతని ఆజ్ఞచేతనే చెరసాలలో ఉండిరి. మార్చి 5న, ఆ పోలిషు ఖైదీల ఉత్తరువుకు సరిగా 13 సంవత్సరములు నిండిన దినమున, చనిపోయెను. తాను పెంచిన భయమే తన గది తలుపు దగ్గర కాపలా నిలిచెను.

తీర్పు ఎప్పుడు వచ్చెను? శవమును లెనిన్ ప్రక్కన ఉంచిరి. 1956 ఫిబ్రవరి 25న కృశ్చేవు మూసిన తలుపుల వెనుక అతని నేరములు చెప్పెను. 1961 అక్టోబరు 31 రాత్రి శవమును అక్కడనుండి తీసి గోడ దగ్గర పాతిపెట్టిరి. స్టాలిన్‌గ్రాడు పేరు వోల్గోగ్రాడు ఆయెను. అయితే ఆ ఉపన్యాసములో కృశ్చేవు తమ పార్టీవారి రక్తమును గూర్చియే దుఃఖించెను. ఆకలితో చనిపోయిన సేద్యగాండ్రను గూర్చి నోరెత్తలేదు. కోటలోని వారి తీర్పులో నాబోతుకు చోటు దొరకలేదు. 1980ల చివరనుండి దస్తావేజులు బయటపడగా, సామాన్యులు కొందరు మెమోరియల్ అను సంఘముగా కూడి, చంపబడినవారి పేర్లను ఒక్కొక్కటిగా ప్రోగుచేసిరి. కూల్చిన మహాదేవాలయము తిరిగి కట్టబడి 2000లో ప్రతిష్ఠింపబడెను. గాని 2021 డిసెంబరులో ఆ మెమోరియల్ సంఘమును న్యాయస్థానము రద్దుచేసెను. మరుసటి యేట దానికి నోబెలు శాంతి బహుమానములో పాలు వచ్చెను. 2025లో మాస్కోలోని ఒక భూగర్భ రైలు స్టేషనులో స్టాలిన్ ప్రతిమను మరల నిలిపిరి. కాబట్టి చరిత్ర తీర్పు తనంతట తాను వచ్చునదని తలంచకుడి. జ్ఞాపకముంచుకొనువారు ఉన్నంతవరకే అది నిలుచును.

అతని కుమార్తె స్వెత్లానా సంగతి చెప్పి ముగించెదము. దేవుడు లేడని నేర్పిన ఇంట పెరిగిన ఆమె 1962లో మాస్కోలో బాప్తిస్మము పొందెను. 1966లో మన దేశస్థుడైన బ్రజేశ్ సింగ్ అస్థికలను తీసికొని భారతదేశమునకు వచ్చెను. 1967 మార్చిలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమునకు పోయి శరణు వేడెను. బోధకుడు కావలెనని అవ్వ కోరగా కాకపోయిన వాని కుమార్తె, తండ్రి రాజ్యమును విడిచి దేవుని మందిరము వెదకికొనెను.

ప్రియులారా, నాబోతు చనిపోయిన పిమ్మట ఆ ఊరిలో అతనికై మాటలాడినవాడు కనబడడు. దేవుడు ఏలీయాను పంపి ఆ ద్రాక్షతోటలోనే రాజును పేరుపెట్టి అడిగించెను. మరచిన ఊరికి మరువని దేవుడు కలడు. అది మన ఆదరణ. అయితే ఆ పెద్దలు ఆ తాకీదుకు ఒప్పుకొనకపోయినయెడల నాబోతు బ్రదికియుండును. అది మన బాధ్యత. మన ఊళ్లలోను పొలము గట్టు తగాదాలు, కచేరీ వ్యాజ్యములు, పెద్దల పంచాయితీలు కలవు. తెలియని కాగితముమీద వేలిముద్ర వేయుమని, చూడని దానికి సాక్ష్యము చెప్పుమని ఎవరైన అడిగినప్పుడు, యెజ్రెయేలు పెద్దలను తలచుకొనుడి. అక్కడ కాదని చెప్పగలిగిన సంఘము, పెద్ద అహాబులు లేచు దినమునను కాదని చెప్పగలదు.