దీక్షితులవారి నొట్టుస్వరాలు: కాపీయా, సొంతమా?

అమెరికా బడుల్లో పిల్లలు పాడే ‘మై కంట్రీ టిజ్ ఆఫ్ దీ’, ఇంగ్లండు రాజగీతం, ముత్తుస్వామి దీక్షితులవారి ‘సంతతం పాహిమాం’, ఈ మూడింటి వరసా ఒకటే. ఈ సంగతి చెప్పినప్పుడల్లా, అయితే దీక్షితులవారు కూడా కాపీ కొట్టారన్నమాట అని మిత్రులు నవ్వుతారు. సినిమా పాటల మీద ఈ వాదాలు చేసీ చేసీ అలవాటైపోయిన వాళ్ళం కదా! జవాబు ఆయన జీవితంలోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది.

దీక్షితులవారు 1775లో తిరువారూరులో పుట్టారు. తండ్రి రామస్వామి దీక్షితులు హంసధ్వని రాగాన్ని సృష్టించినవారు. 108 రాగాల తాళమాలికను ఆయన తెలుగులోనే రచించారు. తర్వాత ఆ కుటుంబం మద్రాసు దగ్గరి మణలి జమీందార్ల ఆదరణకు చేరింది. అక్కడికి సెయింట్ జార్జి కోట ఎంతో దూరం కాదు. అలా అన్నదమ్ములకు కంపెనీ వారి బ్యాండు వినే అవకాశం వచ్చింది. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. అన్నగారు ఆ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. అలాంటి రచనలు నలభై దాకా ఉన్నాయి.

నొట్టు అంటే ఇంగ్లీషు ‘నోట్’. ఎక్కడినుంచి తెచ్చిందీ పేరులోనే ఉంది, దాపరికం ఏమీ లేదు. శంకరాభరణం స్వరాలు గమకాలు లేకుండా తిన్నగా నడుస్తాయి. రాజును కాపాడమని దేవుణ్ణి వేడుకునే వరసలోనే ఆయన తనను కాపాడమని శ్యామలాదేవిని వేడుకున్నారు. కంపెనీ కోట నీడలో ఆ పని చేశారంటే నాకు భలే ముచ్చటేస్తుంది. ఆ మాటకొస్తే, అసలు వరస ఎవరు కట్టారో ఇంగ్లండులోనే తేలలేదు. 1831లో అమెరికా పాట రాసిన శామ్యూల్ స్మిత్‌కు అది జర్మను పాటల పుస్తకంలో దొరికింది.

కాశీ కథ వేరు. చిదంబరనాథ యోగి వెంట వెళ్ళి, కొన్నేళ్ళు అక్కడే ఉండి హిందుస్తానీ సంగీతం విన్నారు. యమునాకల్యాణిలో ‘జంబూపతే’ విని చూడండి. ఆ నిదానంలో ధ్రుపదు నడక తెలుస్తూనే ఉంటుంది, కట్టడం మాత్రం పూర్తిగా ఆయనదే. కోటలో విన్నదాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు, కాశీలో విన్నదాన్ని జీర్ణించుకున్నారు. నా మటుకు నాకు ఆయన గొప్పతనం ఈ రెండోదానిలోనే ఉంది. నొట్టుస్వరాలు పిల్లలకు నేర్పడానికి చక్కగా ఉంటాయి, అంతే.

1835 దీపావళినాడు ఎట్టయాపురంలో ఆయన కన్నుమూశారు. ఆ వంశానికే చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఆ ఊరినుంచే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చువేయించారు, అదీ తెలుగులో! గమకాల గుర్తులతో సహా ఆయన కృతులన్నో అందులో ఉన్నాయి.