తీగమోకుల శిల్పి

జాన్ అగస్టస్ రోబ్లింగ్ 1806 జూన్ 12వ తేదీన ప్రష్యా రాజ్యంలోని మ్యూల్‌హౌజన్ పట్టణంలో జన్మించాడు. బెర్లిన్‌లో వాస్తువిద్యను, వంతెనల నిర్మాణాన్ని అభ్యసించాడు. 1831లో సోదరునితో కలసి అమెరికాకు వలస వెళ్లి, పెన్సిల్వేనియాలో సాక్సన్‌బర్గ్ అనే గ్రామాన్ని నెలకొల్పాడు. సేద్యం ఆయనకు అచ్చిరాలేదు. కొన్నేళ్లకే కాలువల పనులలో ఇంజనీరుగా చేరాడు.

ఆ కాలంలో అలెఘనీ పర్వతాల మీదుగా కాలువ పడవలను బండ్లపై ఉంచి, ఏటవాలు పట్టాల వెంట ఆవిరియంత్రాలతో లాగేవారు. అందుకు వాడే లావైన నారమోకులు త్వరగా అరిగిపోయేవి. మోకు తెగితే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఇనుపతీగలతో మోకు పేనవచ్చునని రోబ్లింగ్ తలచాడు. 1841లో ఊరి పచ్చికబయలులో ఇరుగుపొరుగు రైతుల చేత పేనించి, ఆ మోకులను కొండదారిలో ప్రవేశపెట్టాడు. 1849 నాటికి ఆయన కర్మాగారం ట్రెంటన్ నగరానికి తరలింది.

తీగమోకు చూపులకు ఒకే వస్తువైనా నిజానికి అదొక యంత్రం. కప్పీపై వంగిన ప్రతిసారీ లోపలి తీగలు ఒకదానితో ఒకటి ఒరుసుకొంటాయి. నూనె ఎండితే అరుగుదల, తేమ చేరితే తుప్పు. పైకి నిగనిగలాడే మోకు లోలోపల శిథిలమై ఉండవచ్చు. అందువల్ల ట్రెంటన్ కర్మాగారం మోకుతోపాటు దాని సంరక్షణ విధానాన్ని కూడా కొనుగోలుదారులకు తెలిపేది. పచ్చి అవిసె నూనెను ఉన్ని గల గొర్రెతోలుతో పట్టించాలి. నీటిలోను, భూగర్భంలోను వాడే మోకులకు తారులో సున్నం కలిపి మరిగించి పూయాలి. సున్నం తారులోని ఆమ్లాన్ని హరిస్తుంది. కదిలే మోకుకు జింకు పూత పనికిరాదు. రాపిడికి అది రాలిపోయి తుప్పు మరింత విజృంభిస్తుంది. వంటింటి చిట్కాల వలె తోచే ఈ సూచనల వెనుక లోహస్వభావాన్ని ఎరిగిన అనుభవం ఉన్నది.

కదలక వేలాడే వంతెన మోకుల సంగతి వేరు. ఆ తీగలకు అవిసె నూనె పట్టించి, కట్టగా చేర్చి, పైన మెత్తని ఇనుపతీగను సందులేకుండా చుట్టించి, రంగు వేయించేవాడు రోబ్లింగ్. 1848లో డెలావేర్ నదిపై ఆయన నిర్మించిన కాలువ వంతెన నేటికీ నిలిచి ఉన్నది. 1855లో నయాగరాపై రైలునే నడిపించాడు.

న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెనకు స్థలం పరిశీలిస్తుండగా 1869 జూన్‌లో పడవ తగిలి ఆయన కాలివేళ్లు నలిగాయి. వైద్యుల మాట వినక నీటిచికిత్సనే నమ్మాడు. ఇంతటి శాస్త్రజ్ఞునికి అది తగని మొండితనం. ధనుర్వాతం సోకి జూలై 22న మరణించాడు.

కుమారుడు వాషింగ్టన్ ఆ భారం వహించాడు. అతడు మంచానపడగా కోడలు ఎమిలీ పనులను నడిపించింది. వంతెన మోకులకు జింకు పూత గల ఉక్కుతీగను వాడారు. అయితే తీగ సరఫరా చేసిన గుత్తేదారు పరీక్షలో నెగ్గిన చుట్టలను దారిలో మార్చి, తిరస్కరించిన తీగను పంపుతున్నాడని 1878లో బయటపడింది. అప్పటికే ఆ తీగ మోకులలో చేరిపోయింది, తీయడానికి వీలులేదు. అవసరానికి ఆరు రెట్ల బలం ఉండేట్లు తండ్రి వేసిన లెక్కే వంతెనను కాపాడింది. ఒక్కొక్క మోకుకు మరి 150 తీగలు చేర్చి 1883 మే 24న వంతెనను ప్రారంభించారు. ఆ నాసిరకం తీగలు ఇప్పటికీ ఆ మోకులలోనే ఉన్నాయి.