చుట్టల మీద సంపాదించాడు.. పాటల మీద పోగొట్టాడు! ఎవరీ ఆస్కార్ హామర్‌స్టీన్?

చుట్ట అంటే మన ఉత్తరాంధ్ర వాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? నర్సీపట్నం, బలిఘట్టం నుంచి సముద్రం ఒడ్డు ఊళ్ల దాకా చుట్ట కాల్చిన తాతలు, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చిన అవ్వలు చాలామందికి గుర్తే. అదే చుట్టని అమెరికాలో పెద్ద వ్యాపారంగా చేసుకుని, వచ్చిన డబ్బంతా సంగీతానికి ధారపోసిన జర్మన్ ఒకాయన ఉన్నాడు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌కి తండ్రి అని పేరు తెచ్చుకున్న ఆ మనిషి పేరు ఆస్కార్ హామర్‌స్టీన్. ఆయన కథేంటో చూద్దాం.

వయొలిన్ అమ్మి.. ఓడెక్కాడు

అప్పటి ప్రష్యాలో స్టెటిన్ అనే రేవు పట్టణం ఉండేది. ఇప్పుడది పోలాండ్‌లో ఉంది. 1840ల్లో అక్కడ ఓ యూదు కుటుంబంలో ఆస్కార్ పుట్టాడు. చిన్నప్పుడే పియానో, వయొలిన్, ఫ్లూట్ నేర్చుకున్నాడు. పదిహేనేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తండ్రి మహా కఠినుడు. ఓ రోజు చెప్పకుండా మంచు మీద స్కేటింగ్‌కి వెళ్లొచ్చినందుకు కొడుకుని చితకబాదాడు. అంతే, వయొలిన్ అమ్మేసి ఇల్లొదిలి పారిపోయాడు ఆస్కార్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మీదుగా 1864లో న్యూయార్క్‌లో దిగాడు.

అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. చేతిలో డబ్బు లేదు, భాష రాదు. దొరికిన పని ఒక్కటే, చుట్టల కార్ఖానా. జీతం వారానికి రెండు మూడు డాలర్లు.

చేత్తో చుట్టే పనికి మిషన్లు

చుట్ట పని చూడ్డానికి తేలికే కానీ, చేసేవాళ్లకే తెలుస్తుంది కష్టం. ఆకు తడిపి మెత్తబరచాలి. ఈనె తీయాలి. లోపలి ఆకు సర్ది, పైన మంచి ఆకు బిగువుగా చుట్టాలి. బిగువు ఎక్కువైతే పొగ లాగదు. తక్కువైతే ఊడిపోతుంది. అప్పట్లో ఇదంతా చేత్తోనే చేసేవారు.

ఆస్కార్ బుర్ర ఇక్కడే పనిచేసింది. చుట్టలన్నీ ఒకే సైజులో వచ్చేలా అచ్చులు, ఆకుని సాపు చేసే, ఈనె తీసే యంత్రాలు.. ఒకదాని తర్వాత ఒకటి తయారు చేశాడు. డజన్ల కొద్దీ పేటెంట్లు ఆయన పేరు మీద ఉన్నాయి. 1874లో యునైటెడ్ స్టేట్స్ టొబాకో జర్నల్ అని పొగాకు వ్యాపారుల కోసం ఏకంగా పత్రికే పెట్టాడు. కూలీగా చేరిన పదేళ్లకే వ్యాపారులంతా చదివే పత్రికకి యజమాని అయ్యాడన్నమాట.

డబ్బు ఇటు నుంచి వచ్చి.. అటు పోయింది

ఇంకొకరైతే ఇక్కడితో హాయిగా స్థిరపడేవాళ్లు. కానీ ఈయనకి ఒపేరా పిచ్చి. ఒపేరా అంటే మన పద్యనాటకంలా పాటలతోనే కథ నడిపించే నాటకం. కాకపోతే ఖర్చు మాత్రం ఆకాశంలో ఉంటుంది. హార్లెమ్‌లో స్థలాలు కొని ఇళ్లు కట్టిన ఆస్కార్, 1889లో అక్కడే హార్లెమ్ ఒపేరా హౌస్ కట్టాడు. ఆ తర్వాత ఆగలేదు.

1895లో లాంగేకర్ స్క్వేర్‌లో ఒలింపియా అనే భారీ థియేటర్ల సముదాయం తెరిచాడు. అప్పట్లో అదంతా గుర్రపు బండ్లు తయారుచేసే వాళ్లు, గుర్రపుశాలలు ఉండే ప్రాంతం. అక్కడికి నాటకాలు చూడ్డానికి ఎవరొస్తారని నవ్వారు. నిజంగానే దెబ్బతిన్నాడు. 1898లో అప్పుల కింద ఒలింపియా చేజారిపోయింది, దివాలా తీశాడు.

అయినా ఏడాది తిరిగేసరికి, 1899లో విక్టోరియా థియేటర్ తెరిచాడు. ఈసారి తగిలింది జాక్‌పాట్! పాట, డ్యాన్స్, కామెడీ, గారడీ అన్నీ కలిపిన వాడెవిల్ షోలకి జనం ఎగబడ్డారు. మన తీర్థాల్లో స్టేజీ ప్రోగ్రాం లాంటివే అవి. ఆ థియేటర్‌ని నడిపింది కొడుకు విల్లీ. 1904లో ఆ చౌరస్తాకే టైమ్స్ స్క్వేర్ అని పేరు మారింది.

కోటీశ్వరుల ఒపేరాకే పోటీ

న్యూయార్క్‌లో అప్పటికే మెట్రోపాలిటన్ ఒపేరా ఉంది. దాని వెనుక ఉన్నది నగరంలోని పెద్ద పెద్ద ధనవంతులు. దానికి పోటీగా 1906 డిసెంబర్ 3న 34వ వీధిలో మాన్‌హటన్ ఒపేరా హౌస్ తెరిచాడు ఆస్కార్. 3,000 మందికి పైగా కూర్చునే హాలు. నెల్లీ మెల్బా, మేరీ గార్డెన్, లూయిసా టెట్రజీని లాంటి స్టార్ గాయనులు వచ్చారు. అమెరికా అంతకుముందు చూడని ఫ్రెంచ్ ఒపేరాలు చూపించాడు.

నాలుగు సీజన్ల పాటు మెట్‌కి చెమటలు పట్టించాడు. కానీ విక్టోరియాలో కొడుకు సంపాదించింది ఇక్కడ తండ్రి ఖర్చు పెట్టేస్తున్నాడు. ఫిలడెల్ఫియాలో మరో ఒపేరా హౌస్ కట్టడంతో అప్పు ఇంకా పెరిగింది.

చివరికి 1910లో మెట్ ఓ ఆఫర్ ఇచ్చింది. 12 లక్షల డాలర్లు ఇస్తాం, తప్పుకో అంది. ఆ రోజుల్లో అది కళ్లు తిరిగే డబ్బు. దానికో షరతు ఉంది. న్యూయార్క్ సహా అమెరికాలోని పెద్ద నగరాల్లో పదేళ్ల పాటు ఒపేరా పెట్టకూడదు. మరో కొడుకు ఆర్థర్ మధ్యలో ఉండి బేరం కుదిర్చాడు. అప్పులు తీరాయి. కానీ ఆయన బతుకంతా కోరుకున్న పనే చేతిలోంచి పోయింది.

ఊరుకోలేదు.. ఒకే ఏడాది మూడు చావులు

అమెరికాలో వద్దంటే లండన్ ఉందిగా అనుకున్నాడు. 1911లో అక్కడ ఒపేరా హౌస్ కట్టాడు. అదీ ఎక్కువకాలం నిలవలేదు. తిరిగొచ్చి న్యూయార్క్‌లో లెక్సింగ్టన్ అవెన్యూలో ఇంకొకటి కట్టాడు. మెట్ కోర్టుకెళ్లి ఒప్పందం చూపించింది. కోర్టు మెట్ వైపే నిలబడింది. ఒపేరా కోసం కట్టిన ఆ హాల్లో సినిమాలు వేసుకోవాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ 1914లో తగిలింది. ఒకే ఏడాదిలో ముగ్గురు కొడుకులు చనిపోయారు. వాళ్లలో విక్టోరియాని నిలబెట్టిన విల్లీ కూడా ఉన్నాడు. మరుసటి ఏడాదే విక్టోరియా మూతపడింది.

నిషేధం తీరే 1920 కోసం ఎదురుచూస్తూ ఉన్న ఆస్కార్, 1919 ఆగస్టు 1న కన్నుమూశాడు. గడువుకి ఇంకా నెలలే మిగిలి ఉన్నాయి.

మనవడి పేరు మీకు తెలిసే ఉంటుంది

విల్లీ కొడుకుకి తాత పేరే పెట్టారు. విల్లీకి మాత్రం కొడుకు నాటకాల్లోకి రావడం ఇష్టం లేదు. లా చదివించాలనుకున్నాడు. కుర్రాడు కొన్నాళ్లు లా చదివి మానేసి, పెదనాన్న ఆర్థర్ దగ్గర పనిలో చేరాడు. షో బోట్, ఓక్లహోమా, ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్ పాటలు రాసిన రెండో ఆస్కార్ హామర్‌స్టీన్ ఆయనే.

ఇక తాత కట్టిన మాన్‌హటన్ ఒపేరా హౌస్ భవనం 34వ వీధిలో ఇప్పటికీ ఉంది. అందులోని పెద్ద హాలు పేరు హామర్‌స్టీన్ బాల్‌రూమ్. ఇప్పుడక్కడ రాక్ కచేరీలు, రెజ్లింగ్ పోటీలు జరుగుతుంటాయి. ఈసారి ఏ వీడియోలోనైనా ఆ పేరు కనిపిస్తే, అది చుట్టల కార్ఖానాలో వారానికి రెండు మూడు డాలర్లకి పనిచేసిన కుర్రాడిదని గుర్తుపెట్టుకోండి.