పగలు ఈఎస్‌ఐ ఆఫీసు, సాయంత్రం నాటకం: అమ్రీష్ పురి కథ

ఈఎస్‌ఐసీ నుంచి క్లర్కు పోస్టుల నోటిఫికేషన్ పడిందంటే చాలు, మా చోడవరం కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారిగా మోగుతాయి. డిగ్రీ చదివినవాళ్ళూ బీటెక్ చేసినవాళ్ళూ అందరూ అప్లై చేస్తారు. అందులో చాలామందికి ఆ ఉద్యోగం మీద ప్రత్యేకంగా ప్రేమేమీ ఉండదు. ఒకడికి యానిమేషన్ ఇష్టం. ఇంకొకరికి సొంతంగా యాప్ తయారుచేయాలని ఉంటుంది. మరొకరికి కథలు రాయాలని. ఇంట్లోవాళ్ళు మాత్రం ముందు ఉద్యోగం చూసుకోమంటారు, తర్వాత నీ ఇష్టమంటారు. ఆ మాట వినగానే, ఇక మన కల సంగతి అంతే అనిపిస్తుంది.

అదే ఈఎస్‌ఐసీలో, బొంబాయిలో, ఒకాయన ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశారు. ఆయన ఆ నగరానికి వచ్చింది సినిమా హీరో అవుదామని. అది కుదరక ఆఫీసులో చేరారు. ఆ ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి నలభై దాటాయి. ఆ తర్వాత దేశమంతా ఆయన్ని చూసి భయపడింది. ఆయనే అమ్రీష్ పురి.

వజ్రం కోసం వచ్చిన విలన్

మన తెలుగువాళ్ళకు ఆయన్ని గుర్తుచేయాలంటే 'ఆదిత్య 369' చాలు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జులై 18న విడుదలైన ఈ సినిమాని మనం టైమ్ మెషీన్ సినిమాగానే గుర్తుపెట్టుకున్నాం. టీవీలో ఎన్నిసార్లు వేసినా చూశాం. 2025లో థియేటర్లకు మళ్ళీ తెచ్చినా చూశాం. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే, అది ఒక నేరం కథ కూడా. ప్రొఫెసర్ రామ్‌దాస్‌గా టినూ ఆనంద్, కృష్ణకుమార్‌గానూ శ్రీకృష్ణదేవరాయలుగానూ బాలకృష్ణ, చూడకూడని దొంగతనం చూసేసిన పిల్లాడిగా తరుణ్. వీళ్ళందరికీ ఎదురుగా రాజా వర్మ. డబ్బుకు లోటు లేదు, రాజులా బతుకుతాడు, పాతకాలపు విలువైన వస్తువుల్ని దొంగిలించి తెచ్చుకోవడం అతని పిచ్చి. విజయనగర కాలం నాటి వజ్రం మీద అతని కన్ను పడుతుంది. ఆ రాజా వర్మే అమ్రీష్ పురి.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1987లో, శేఖర్ కపూర్ తీసిన 'మిస్టర్ ఇండియా'లోనూ ఇలాంటి కలయికే ఉంది. ఒక శాస్త్రవేత్త కనిపెట్టిన పరికరం చేతికి పెట్టుకుంటే మనిషి కనిపించకుండా పోతాడు. దేశాన్ని చేతుల్లోకి తీసుకోవాలనుకునే నేరస్తుడు మొగాంబో. ఈ పాత్రకు ముందు అనుకున్నది అనుపమ్ ఖేర్‌ని. చివరికి అది అమ్రీష్ పురి చేతికి వచ్చింది.

సైన్స్ ఫిక్షన్, క్రైమ్ కలిపిన కథల్లో ఒక చిక్కుంది. యంత్రం అట్టముక్కలూ లైట్లూ కలిపి చేసిందని ప్రేక్షకుడికి అనుమానం వచ్చిందంటే కథ అక్కడే కూలిపోతుంది. అప్పట్లో ఇప్పటిలా కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. మరి ఆ యంత్రాన్ని, ఆ వజ్రాన్ని మనం ఎందుకు నమ్మాం? ఎదురుగా నిలబడ్డ విలన్ వాటిని అంత గట్టిగా కోరుకున్నాడు కాబట్టి. అతని కళ్ళలో ఆశ చూశాక, వస్తువు అసలుదా నకిలీదా అని మనం అడగం. 'మిస్టర్ ఇండియా'లో కనిపించని మనిషితో పోరాడాలి. ఎదురుగా ఖాళీ గాలి. అక్కడ మనిషి ఉన్నాడని నమ్మించాలి.

ఖాళీ చోట మనిషి ఉన్నాడని నమ్మించడం ఎక్కడ నేర్చుకుంటారు? నాటకాల స్టేజీ మీద. అక్కడ కోట ఉండదు, సముద్రం ఉండదు, యుద్ధం ఉండదు. నటుడి చూపు, గొంతు మాత్రమే ఉంటాయి. అమ్రీష్ పురి ఆ పని నేర్చుకున్నది ఆఫీసు అయిపోయాక, సాయంత్రాల్లో.

22 ఏళ్ళకు ఫెయిల్

ఆయన 1932 జూన్ 22న పంజాబ్‌లోని నవాంశహర్‌లో పుట్టారు. సిమ్లాలో చదువుకున్నారు. అన్నలు చమన్ పురి, మదన్ పురి ఇద్దరూ అప్పటికే సినిమా నటులు. మదన్ పురి అయితే హిందీ సినిమాలో పేరున్న విలన్. తమ్ముడు కూడా బొంబాయి వచ్చి 1954లో స్క్రీన్ టెస్టుకు వెళ్ళారు. అప్పటికి 22 ఏళ్ళు. ఫెయిల్ అయ్యారు. ఆ ముఖం హీరోకి పనికిరాదని, మరీ మొరటుగా ఉందని తేల్చేశారు. అన్న ఇండస్ట్రీలో ఉన్నా ఆ తలుపు తెరుచుకోలేదు.

మన ఇంటర్వ్యూల సంగతే చూడండి. కమ్యూనికేషన్ బాగాలేదనో, కోడింగ్ రౌండ్‌లో మార్కులు తక్కువనో చెబితే ఏం చేయాలో తెలుస్తుంది, నేర్చుకోవచ్చు. నీ ముఖమే బాగాలేదంటే ఏం నేర్చుకుంటారు? అలాంటి మాట విన్నాక చాలామంది ఊరికి తిరిగి వెళ్ళిపోతారు. ఆయన వెళ్ళలేదు. ఈఎస్‌ఐసీలో ఉద్యోగం వస్తే చేరిపోయారు.

ఈఎస్‌ఐసీ అంటే మీకు తెలిసిందే. కార్మికుడికి జబ్బు చేసినా, పనిలో దెబ్బ తగిలినా, ప్రసవమైనా ఆదుకునే బీమా సంస్థ. తక్కువ జీతంతో ప్రైవేటు కంపెనీలో చేరితే మొదటి పే స్లిప్‌లో ఈఎస్‌ఐ పేరుతో ఒక చిన్న కోత కనిపిస్తుంది. దాని వెనకున్న చట్టం 1948లో వచ్చింది. 1952లో కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. అంటే అమ్రీష్ పురి చేరేనాటికి అది కొత్త సంస్థ. ఆ ఆఫీసులోనే ఊర్మిళా దివేకర్‌తో పరిచయమైంది. 1957లో పెళ్ళి చేసుకున్నారు. ఇంటి అద్దె, పిల్లలు, నెల జీతం. బయటి నుంచి చూస్తే ఇక్కడితో సినిమా కథ ముగిసినట్టే.

ఆరు తర్వాత మొదలయ్యే రెండో ఉద్యోగం

1961లో ఇబ్రహీం అల్కాజీ ఆయన్ని నాటకరంగంలోకి తీసుకొచ్చారు. ఆ మరుసటి ఏడాదే అల్కాజీ ఢిల్లీ వెళ్ళి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా పగ్గాలు పట్టుకున్నారు. బొంబాయిలో అమ్రీష్ పురికి అసలైన గురువుగా నిలిచింది సత్యదేవ్ దూబే. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సల్. ధర్మవీర్ భారతి, గిరీశ్ కర్నాడ్, విజయ్ టెండూల్కర్ లాంటివాళ్ళు రాస్తున్న కొత్త నాటకాలు అప్పుడప్పుడే స్టేజీ ఎక్కుతున్న కాలం అది. వాటిలో ఆయన నటించారు. స్క్రీన్ టెస్టులో పనికిరాదన్న ముఖం స్టేజీ మీద పనికొచ్చింది. ఆ గొంతు హాల్లో చివరి వరుస దాకా వినిపించింది. 1979లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది ఈ నాటకాల కృషికే.

ఈ మధ్యలో ఒక దశ ఉంది. మన వయసువాళ్ళు గమనించాల్సింది దాన్నే. నాటకం మీద ప్రేమ ముదిరి, ఉద్యోగం మానేద్దామనుకున్నారు. స్నేహితులే ఆపారు. మంచి సినిమా వేషాలు చేతికొచ్చేదాకా జీతం వదులుకోవద్దని చెప్పారు. ఆయన విన్నారు. నాటకాల మీద ఇల్లు గడవదు. జీతం ఉంది కాబట్టే డబ్బు కోసం ఏదో ఒక వేషం వేయాల్సిన అవసరం రాలేదు, నచ్చిన నాటకం చేయగలిగారు. అంటే ఆయన కలకు పెట్టుబడి పెట్టింది ఈఎస్‌ఐసీ ఉద్యోగమే.

స్టేజీ మీద చూసినవాళ్ళే సినిమాకు పిలిచారు. సునీల్ దత్ తీసిన 'రేష్మా ఔర్ షేరా'లో రహమత్ ఖాన్ పాత్ర దొరికింది. ఆ సినిమా 1971లో వచ్చింది. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. ఫెయిలైన స్క్రీన్ టెస్టుకీ ఈ సినిమాకీ మధ్య 17 ఏళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే, ఇంటర్ పాసైన రోజున పుట్టిన మేనల్లుడు మళ్ళీ ఇంటర్ చదివేంత కాలం.

మన నేల మీద, మనవాళ్ళ చేతుల మీదుగా

1973లో గిరీశ్ కర్నాడ్ దర్శకత్వంలో కన్నడ సినిమా 'కాడు' చేశారు. 1975లో శ్యామ్ బెనెగల్ 'నిశాంత్'. ఆ కథ జరిగేది 1945 నాటి తెలంగాణ పల్లెలో. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న జమీందారు కుటుంబంలో పెద్దవాడిగా అమ్రీష్ పురి కనిపిస్తారు. 1976లో 'మంథన్'. గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా అది. 1977లో 'భూమిక'. ఇలా వరసగా వేషాలు నిలదొక్కుకున్నాకే ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశారు. అప్పటికి క్లర్కు స్థాయి దాటి ఆఫీసరు కూడా అయ్యారు. అంటే వదిలింది నచ్చని చిన్న ఉద్యోగాన్ని కాదు, కష్టపడి ఎదిగిన ఉద్యోగాన్ని.

1978లో బెనెగల్ ఒకే కథను హిందీలో 'కొండూరా'గా, తెలుగులో 'అనుగ్రహం'గా తీశారు. అందులో ఆయన కొండూరా స్వామి. రెండేళ్ళకు మన బాపు, తెలుగులో తాను తీసిన 'మనవూరి పాండవులు' కథను హిందీలో 'హమ్ పాంచ్'గా తీశారు. తెలుగులో రావు గోపాలరావు చేసిన దొర పాత్ర హిందీలో అమ్రీష్ పురికి దక్కింది. కమర్షియల్ సినిమాలో పెద్ద విలన్‌గా ఆయన్ని నిలబెట్టింది ఆ పాత్రే. అప్పుడు వయసు 48.

అక్కడి నుంచి వేగం మారిపోయింది. 1982లో రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ'. 1983లో 'అర్ధసత్య'లో హీరో తండ్రి. 1984లో స్పీల్‌బర్గ్ 'ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్'లో మోలా రామ్. ఆ పాత్ర కోసం గుండు చేయించుకున్నారు. ఆ గుండు తర్వాత ఎన్నో రకాల విగ్గులు, టోపీలతో కొత్త కొత్త విలన్లను తయారుచేయడానికి పనికొచ్చింది. టోపీలు సేకరించడం ఆయనకు సరదా కూడా. తెలుగులో 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి', మరుసటి ఏడాది 'ఆదిత్య 369', 1993లో 'మేజర్ చంద్రకాంత్'. మరోవైపు 1995 నాటి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో కూతురి మీద ప్రేమను కోపం వెనక దాచుకున్న తండ్రి. 'మేరీ జంగ్', 'ఘాతక్', 'విరాసత్' సినిమాలకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి అవార్డులు అందుకున్నారు.

2005 జనవరి 12న ముంబైలో కన్నుమూశారు. 72 ఏళ్ళు. ఆయన ఆత్మకథ మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చింది. 2019లో ఆయన పుట్టినరోజున గూగుల్ డూడుల్ పెట్టింది. హీరోకి పనికిరాదన్న ముఖాన్నే ఆ రోజు దేశమంతా ఫోన్లలో చూసింది.

మనకు పనికొచ్చేదేంటి?

ఈ కథ చదివి, ఓపిక పడితే అందరికీ అన్నీ వస్తాయని నేను చెప్పను. అది అబద్ధం. ఆయనతో పాటు రిహార్సల్స్ చేసిన అందరూ సినిమాల్లోకి రాలేదు. పైగా ఆయనకు కొన్ని అనుకూలతలు ఉన్నాయి. అన్నలు అదే రంగంలో ఉన్నారు. ఆఫీసు, నాటకాల రిహార్సల్ రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. చోడవరంలో ఉన్నవాడికి విశాఖ వెళ్ళి రావడానికే సగం రోజు బస్సుల్లో పోతుంది.

కానీ ఆయన చేసిన మూడు పనులు మనమూ చేయొచ్చు.

మొదటిది, ఆ ఉద్యోగాన్ని ఓటమిగా చూస్తూ కూర్చోలేదు. చేరారు, చేశారు, అందులోనూ ఎదిగారు.

రెండోది, సాయంత్రాన్ని కాపాడుకున్నారు. ఆఫర్ లెటర్ వస్తే మనం ముందు జీతం ఎంతో చూస్తాం. కలను పోషించుకోవడానికే ఉద్యోగం చేసేవాడు జీతంతో పాటు ఇంటికి ఎన్నింటికి చేరతానో కూడా చూసుకోవాలి. నెలకు రెండు వేలు ఎక్కువిచ్చి రాత్రి షిఫ్టులు వేసే కంపెనీ కన్నా, ఆరింటికి వదిలేసే ఉద్యోగం మేలు కావచ్చు. నేనూ ఈ లెక్క సరిగ్గా వేసుకోక మొదటి ఉద్యోగంలో ఏడాదిన్నర పాటు బ్లాగులో ఒక్క పోస్టు కూడా రాయలేదు.

మూడోది, ఒంటరిగా కలగనలేదు. దూబే లాంటి గురువు, తప్పులు చెప్పే తోటి నటులు, టికెట్ కొని వచ్చిన ప్రేక్షకులు ఉన్నారు. వారం వారం పని బయటికొచ్చేది, ఎవరో ఒకరు చూసేవారు. 'రేష్మా ఔర్ షేరా' వేషం వచ్చింది కూడా అలా ఎవరో చూడబట్టే. గదిలో కూర్చుని మనసులో అనుకునే కలకు ఆ అవకాశం ఉండదు. కోడ్ అయితే నలుగురు వాడేలా పెట్టండి, కథ అయితే నలుగురు చదివేలా పంపండి.

ఈసారి నోటిఫికేషన్ పడితే మొహమాటం లేకుండా అప్లై చేయండి. ఫారం సబ్మిట్ చేశాక, అదే రోజు ఒక కాగితం తీసుకుని, ఉద్యోగం వస్తే సాయంత్రం ఆరు తర్వాత ఎక్కడికి వెళ్తారో, ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటారో రాసి పెట్టుకోండి. హాల్ టికెట్‌తో పాటు ఆ కాగితాన్ని కూడా దాచుకోండి.