ఉపాధ్యాయులను తీర్చిదిద్దిన మహనీయుడు – డాక్టర్ జాకిర్ హుస్సేన్

భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదులోనే జన్మించారని మనమందరం గర్వంగా చెప్పుకుంటాము. అయితే మంచి ఉపాధ్యాయులు ఎట్లా లభిస్తారు, వారిని బడిలో నిలుపుకొనుట ఎట్లా అన్న సమస్యతో ఆయన రెండు దశాబ్దాలకు పైగా పెనుగులాడిన సంగతి మనలో కొందరికే తెలుసు.

పదేళ్ల ప్రాయంలోనే ఆయనకు పితృవియోగం కలిగింది. కుటుంబం స్వస్థలమైన ఖాయింగంజ్ చేరింది. ఇటావాలోని ఇస్లామియా పాఠశాలలోను, తరువాత అలీగఢ్‌లోను ఆయన విద్యాభ్యాసం సాగింది. 1920లో గాంధీజీ పిలుపునందుకుని, ప్రభుత్వ సహాయంతో నడిచే కళాశాలను వీడి, జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకున్నారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926లో మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్‌లతో కలిసి తిరిగివచ్చి, ఇరవై తొమ్మిదేళ్ల వయస్సులో జామియా బాధ్యతలు స్వీకరించారు.

అప్పటికి జామియా అలీగఢ్ నుండి ఢిల్లీకి తరలివచ్చింది. దానిని ఆదుకుంటున్న హకీం అజ్మల్ ఖాన్ 1927 చివర పరమపదించారు. నిధులు అడుగంటాయి. ఆ క్లిష్ట సమయంలో, 1928లో, జాకిర్ సాహెబు, ఆయన సహచరులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై సంవత్సరాలు జామియాకే సేవ చేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి వేతనం కోరమని దాని సారాంశం. ఆయన తాను పుచ్చుకున్నది అంతకన్నా తక్కువ. ఆ కొద్దిపాటి జీతము కూడా సకాలంలో అందని నెలలుండేవి. అయినను ఆ విద్యాలయం మూతపడలేదు. ఆ ఆదర్శానికి ఆకర్షితురాలై జర్మనీ నుండి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే మహిళ వచ్చి, 1943లో కన్నుమూసే వరకు అక్కడి చిన్నపిల్లల సేవలో గడిపారు.

ఇంతవరకే చూసినచో, త్యాగమొక్కటే ఉపాధ్యాయునికి చాలునని మనం భ్రమపడే ప్రమాదమున్నది. జాకిర్ సాహెబు అట్లా భావించలేదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ ఆయన అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. యావద్దేశానికి ప్రణాళిక రచించవలసి వచ్చినప్పుడు ఆ సంఘం ఉపాధ్యాయుని త్యాగంపై భారం మోపలేదు. మూడేళ్ల పూర్తి శిక్షణ, తక్షణావసరానికి ఏడాది శిక్షణ ఉండాలన్నది. ఒక్క ఉపాధ్యాయునికి ముప్పది మందికి మించి పిల్లలను అప్పగించరాదన్నది. జీతం సాధ్యమైనచో 25 రూపాయలు, ఎట్టి పరిస్థితిలోను 20కి తగ్గరాదన్నది. మరుసటి ఏడాదే, 1938లో, జామియాలో ఉపాధ్యాయ శిక్షణాలయం వెలసింది. తన వరకు త్యాగాన్ని ఎంచుకున్న వ్యక్తి, ఇతరులకు మాత్రం శిక్షణను, సహాయాన్ని, కనీస వేతనాన్ని హక్కుగా కోరాడు. ఆయన గొప్పతనం ఇక్కడే ఉన్నదని మేము తలుస్తాము.

ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించిన ఆ పండితుడే తన కుమార్తె పేరిట బాలలకు కథలు వ్రాశారు. 1948లో జామియాను వీడి అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. తరువాత బీహారు గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1967 మే 13న రాష్ట్రపతి పదవి చేపట్టి, 1969 మే 3న పదవిలో ఉండగానే దివంగతులయ్యారు. ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. జాకిర్ సాహెబు దీక్షను మీరు అలవరచుకోండి. విద్యాసంస్థలను నడిపే పెద్దలు ఆయన నివేదికను కూడా స్మరింతురు గాక. ఆ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా బడి నిలువదు.